ఏజెంటు ఎవలు?

కోరుట్లలో ఆడెపు లీల ఎదురైతే చాలు, జనం అడిగే మాట ఒక్కటే. తిన్నవా అని కాదు, పానం మంచిగున్నదా అని కాదు. "ఏజెంటు ఎవలు?" అని. రెండేళ్లపాటు ఆమె ఒకే జవాబు చెప్పింది. "ఎవలూ లేరు." రెండేళ్లపాటు ఊళ్లో పెద్దమనుషులెవరూ ఆ మాట నమ్మలేదు. ఒక ఆడమనిషి, అందులోనూ పెళ్లి కాని మనిషి, ఏజెంటు లేకుండా తనంతట తాను దేశంగాని దేశంలో ఉద్యోగం వెతుక్కుంటోందంటే నమ్మడానికి వాళ్లకేం పిచ్చా? చెప్పడం ఇష్టంలేక దాస్తోందనుకున్నారు. దాస్తోందంటే ఏజెంటు గట్టివాడే అయి ఉంటాడని కూడా అనుకున్నారు.

లీల సిరిసిల్ల పిల్ల. తండ్రి పరశురాములు సాంచాల మీద బట్ట నేసేవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. తల్లి కనకవ్వ ఇంట్లో కండెలు చుట్టేది. వాడకట్టంతా సాంచాల చప్పుడే కాబట్టి లీల చిన్నప్పుడు ఎక్కాలు అరిచి చదివింది, పెద్దయ్యాక పాఠాలూ అరిచే చెప్పేది. వరంగల్‌లో లెక్కల ఎమ్మెస్సీ చేసి, ఒక ఏడాది జగిత్యాలలో పనిచేసి, కోరుట్లలో ఒక ప్రైవేటు కాలేజీలో పార్ట్ టైం లెక్చరర్‌గా చేరింది. పార్ట్ టైం అన్నది పేరుకే. పొద్దున వస్తే సాయంత్రందాకా అక్కడే.

చేరి ఏడేళ్లయింది. ఆ ఏడేళ్లలో ఒక్క సంవత్సరం కూడా సిలబస్ పూర్తి కాలేదు. ఇదే ఆమె బాధ. జీతం గురించి అడిగితే పోనీలే అనేది, సిలబస్ గురించి అడిగితే మాత్రం కళ్లెర్రజేసేది. అన్నలు, అంటే నక్సలైట్లు, బందు పిలిస్తే కాలేజీ మూత. ఆ బందుకు పోటీగా ఇంకొకరు పిలిస్తే మళ్లీ మూత. హాస్టల్లో సోదాలంటే ఒక వారం, ఎక్కడో అడవిలో ఎన్‌కౌంటరయితే ఇంకో వారం. ఇంటిగ్రేషన్ పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి. లీలకు అన్నల మీద కక్ష లేదు, పోలీసుల మీద ప్రేమా లేదు. కానీ ఇద్దరూ కూడబలుక్కున్నట్టు తన ఇంటిగ్రేషన్‌కే ఎందుకు అడ్డం పడుతున్నారో ఆమెకు అర్థం కాలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా చెప్పి చాక్‌పీసు కింద పెట్టాలి. అది ఇక్కడ జరిగేట్టు లేదు.

ఎనభై ఆరు వేసవి సెలవుల్లో వరంగల్ పోయి యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుంది. ప్రపంచంలో ఉన్న విశ్వవిద్యాలయాల చిరునామాలన్నీ ఉన్న లావుపాటి పుస్తకం ఒకటి ఉందక్కడ. రెండు రోజులు కూర్చుని, ఇంగ్లీషులో పాఠం చెప్పే చోట్లు ఏరి, నలభై ఒక్క చిరునామాలు పొడుగు నోటుబుక్కులో రాసుకుంది. ఆఫ్రికావి, అరబ్బు దేశాలవి, పటంలో భూతద్దం పెట్టి వెతకాల్సిన ద్వీపాలవి. ఎవరికి ఎప్పుడు రాసిందీ, జవాబు వచ్చిందా లేదా అన్నదీ పక్కన గీతలు కొట్టుకుంది.

సిరిసిల్ల పోయి చెబితే తండ్రి బీడీ ముట్టించాడు.

"పోతె పో బిడ్డ, వద్దన. గని నడుమ ఎవలో ఒకలు ఉండాలె. ఆసామి లేకుంట సాంచకు నూలు ఎట్లస్తది?"

"నడుమ ఆసామి ఉండబట్కె గద బాపు, ముప్పై ఏండ్లసంది నేసినా నీకొక సొంత సాంచ లేకపాయె."

పరశురాములు బీడీ ఆర్పేశాడు. బిడ్డ చెప్పింది నిజమేనని తెలుసు, నిజమయినంత మాత్రాన తాను చెప్పింది తప్పెలా అవుతుందన్నది ఆయనకు అర్థం కాలేదు.

ఇక దరఖాస్తుల టైపు. కోరుట్లలో టైపు మిషన్ ఉన్నవాడు ఎప్పుడూ దొరకడు. అందుకని జగిత్యాలలో దావీదు నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పోయేది. దావీదు మంచివాడు, వేగం కలవాడు, గల్ఫుకు పోయే వేలమందికి బయోడేటాలు కొట్టిన చేయి. అదే కొంప ముంచింది. ఎనిమిది దరఖాస్తులు పోస్టు చేసిన తర్వాత తొమ్మిదోది తీరిగ్గా చదివితే, గణితశాస్త్ర విభాగాధిపతికి రాసిన ఉత్తరంలో ఆమె ఎత్తు, బరువు, చివరి వరుసలో "ఏ పని అయినా చేయుటకు సిద్ధం, ఎండలో సైతం" అని ఉంది.

"గిదేంది దావీదన్నా?"

"అందరికి గదే కొడ్త మేడం. అది లేకుంటె పని కాదు."

"నేను లెక్కలు చెప్పవోతున్న. ఎండల ఏం పని?"

"ఆడ ఎండలెక్కువ మేడం," అన్నాడు దావీదు, మిషన్ మీది నుంచి చెయ్యి తియ్యకుండా.

ఎనిమిదీ మళ్లీ కొట్టించి మళ్లీ పంపింది. ఆ ఎనిమిది విభాగాలవాళ్లు తన గురించి ఏమనుకొని ఉంటారో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంక జనార్దన్ సంగతి. కోరుట్ల బస్టాండు దగ్గర ట్రావెల్స్ అని బోర్డు పెట్టిన ఏజెంటు. చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లలో సగం మంది అతని చేతుల మీదుగానే దుబాయి, మస్కట్ పోయారు. అతని దుకాణం గోడ నిండా వాళ్ల ఫొటోలే. ఒకరోజు దారిన పోతున్న లీలను పిలిచి కుర్చీ వేశాడు.

"మేడం, ఆడోళ్లకు కద్దామ వీసాలే ఉంటయి. అరబ్బోల్ల ఇంట్ల పని. మీరు సదువుకున్నోళ్లు, మంచి ఇల్లు చూసి పంపుత."

"నేను పోయేది యూనివర్సిటీల పాఠం చెప్పనీకి."

"ఇంట్ల పిల్లలుంటరు గద మేడం. వాళ్లకు చెప్పుకోవచ్చు."

లీల లేచి వచ్చేసింది. జనార్దన్ చెడ్డవాడు కాదు, అదే ఇంకా చికాకు. నిజంగానే సాయం చేస్తున్నాననుకున్నాడు.

నలభై ఒకటికి ఇరవై ఆరుచోట్ల నుంచి చప్పుడు లేదు. పద్నాలుగు చోట్ల మర్యాదగా లేదన్నారు. ఒకటి, ఇథియోపియాలోని విశ్వవిద్యాలయం, ఇంకా కాగితాలు పంపమంది. పంపింది. మీరు చెప్పే పాఠ్యప్రణాళిక రాసి పంపమంది. అదీ పంపింది. చివరికి ఎనభై ఎనిమిది జనవరిలో ఒక పల్చటి కవరు కాలేజీకి వచ్చింది. ఎంపిక దాదాపు ఖాయం, నియామకపత్రం రిజిస్టరు పోస్టులో పంపుతాం, మీ ఒప్పుకోలు ఏప్రిల్ ముప్పైలోపు మాకు చేరాలి, చేరకపోతే జాబితాలో తర్వాతి వారికి ఇస్తాం. అంతే. లీల ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు.

ఈలోగా పాస్‌పోర్టు. అది మామూలు మాటలతో చెప్పే కథ కాదు. పుట్టింది సిరిసిల్ల, ఒక ఏడాది ఉద్యోగం జగిత్యాలలో, ఇప్పుడు ఉంటున్నది కోరుట్ల. మూడు ఊళ్లు, మూడు ఠాణాలు, మూడు విచారణలు. రెండు చోట్ల చాయ్ తాగి సంతకం పెట్టారు. మూడోచోట, ఏ ఊరో చెప్పను, ఎస్.ఐ. ఆమె సంచీలోని పొడుగు నోటుబుక్కు తీసుకుని తిరగేశాడు.

"గీ పేర్లేంది? గీ గీతలేంది?"

"అడ్రసులు సార్. జవాబు అచ్చినోళ్లకు గీత కొట్టిన."

"నలభై దేశాలల్ల మీకు మనుషులున్నరా?"

"మనుషులు లేరు సార్. గందుకే ఉత్తరాలు రాసిన."

"ఏజెంటు ఎవలు?"

"ఎవలూ లేరు."

ఎస్.ఐ. ఆమెను పైనుంచి కిందికి చూశాడు. ఆమె క్లాసులో చదివిన బీర్పూర్ కుర్రవాళ్లు ఇద్దరు అన్నల్లో కలిసి అడవిలో ఉన్న సంగతి అతనికి తెలుసు. విదేశాల చిరునామాలున్న ఆడలెక్చరరు, పైగా ఏజెంటు లేడంటోంది. "మంచిగ ఒక ఏజెంటును వట్టుకుంటె గీ తిప్పలు ఉండేవి గావు గద మేడం," అని విసుక్కుని నోటుబుక్కు పదిహేను రోజులు దగ్గర పెట్టుకున్నాడు. ఇచ్చేటప్పుడు, అక్కడ తన బామ్మర్దికి ఏమన్నా పని దొరుకుతుందా అని అడిగాడు. లీల తల గోడకేసి కొట్టుకోలేదంటే అది ఆమె ఓపిక.

పాస్‌పోర్టు అయితే వచ్చింది. నియామకపత్రమే రాలేదు. ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. కాలేజీకి వచ్చే టపా అంతా అటెండరు రాజనర్సు చేతికొస్తుంది. లీల రోజూ అతన్ని అడిగేది.

"నాకేమన్న అచ్చిందా?"

"కాలేజీకి ఏం రాలే మేడం."

ఏప్రిల్ సగమయ్యేసరికి ఆమెకు అన్నం సయించలేదు. ఇంకో ఉత్తరం రాద్దామంటే అది చేరేసరికే గడువు దాటుతుంది. మనసు మార్చుకున్నారేమో, ఎండలో సైతం అన్న పాత దరఖాస్తు ఎవరి కంటయినా పడిందేమో అని పడుకున్నచోట దొర్లింది. పరీక్షలు మొదలయ్యాయి. ఇంటిగ్రేషన్ ఈసారి కూడా సగంలోనే ఆగింది.

ఏప్రిల్ ఇరవై తొమ్మిది శుక్రవారం. బందు. వీధిలో పురుగు లేదు. లీల అద్దెకుండే ఇంటావిడ మల్లక్క అరుగు మీద కూర్చుని బీడీలు చేస్తోంది. మల్లక్క మొగుడు దుబాయిలో ఉంటాడు. చాటలో ఆకులు సర్దుకుంటూ మామూలుగా అంది.

"నిన్న జనార్దన్ తానికి పోయిన మేడం, మాయన జాబు అచ్చిందంటె. నీ లావు కవరు ఇంక ఆడనే ఉన్నది. తీసుకపోనీకి తీరిక అయితలేదా?"

"నా కవరేంది?"

"నెలరోజులసంది ఉన్నది గద. బీరువల వెట్టిండు. నేను తెస్తనంటె ఇయ్యలే, మేడమే రావాలె అన్నడు."

 లీల చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బస్టాండుకు నడిచింది. దారిలో మూసిన తలుపుల ముందు పోస్ట్‌మన్ సాయిలు నిలబడి పళ్లు తోముకుంటున్నాడు. అతన్ని అడిగితే అసలు సంగతి తెలిసింది.

ఆ రోజుల్లో సాయిలుకు ఊళ్లలోకి పోవాలంటే భయం. ఎవరికి ఏ ఉత్తరం ఇచ్చావని పోలీసులు అడుగుతారు, ఎవరెవరు ఏం రాస్తున్నారని అవతలివాళ్లు అడుగుతారు. అందుకని ఫారిన్ స్టాంపు ఉన్న ప్రతి జాబూ, ప్రతి రిజిస్టరూ జనార్దన్ దుకాణంలో ఇచ్చేవాడు. ఆడవాళ్లు గురువారం వచ్చి తీసుకుపోయేవారు, చదవడం రాకపోతే జనార్దనే చదివి వినిపించేవాడు. ఎవరికీ ఇబ్బంది లేదు. లీలను ఠాణాలో కూర్చోబెట్టారని తెలిశాక ఆమె కవరును కూడా అక్కడికే చేర్చాడు.

"మీ మంచికే మేడం. మీ చేతికిస్తె అనుమానం, ఏజెంటు తాన ఉంటె ఎవలడుగుతరు? రాజనర్సుకు గూడ చెప్పిన గద, మేడం ఫారిన్ టపా ఇగ జనార్దన్ తానికే అని."

"నాకెందుకు చెప్పలే?"

సాయిలు నోట్లో వేపపుల్ల ఆగిపోయింది. "ఏజెంటును మీరే వెట్టుకున్నరనుకున్నం. ఎన్ని దినాలు లేరంటరు?"

అదన్నమాట. రాజనర్సుకు తెలుసు, మల్లక్కకు తెలుసు, గురువారం వచ్చే ఆడవాళ్లందరికీ తెలుసు. ఊరంతటికీ తెలిసిన సంగతి ఆమెకు ఒక్కదానికి చెప్పాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే ఆమె దాస్తోందని అందరికీ ముందే తెలుసు. అరికాలి మంట నెత్తికెక్కింది లీలకు. తిట్టడానికి టైము లేదు.

జనార్దన్ దుకాణం షట్టరు సగం లేచి ఉంది. బీరువా తెరిచి, రబ్బరుబ్యాండు వేసిన పాస్‌పోర్టుల కట్టల కిందినుంచి కవరు తీశాడు. దానిమీద, తాను పంపుతున్న మనిషే అన్నట్టు, చిన్న చీటీ అంటించి ఉంది. "లీల మేడం, కేసు." కవరు విప్పలేదు, అది ఒప్పుకోవాలి.

నియామకపత్రమే. గణితశాస్త్ర విభాగం, ఉపన్యాసకురాలు, మూడేళ్లు. ఒప్పుకోలు రేపటిలోగా చేరాలి.

టెలిగ్రాం ఒక్కటే దారి. కోరుట్లలో తీగలు తెగి మూడు రోజులయింది. జగిత్యాల పోవాలి. బస్సులు లేవు. ఆ దినం ఆ రోడ్డు మీద కదిలే బండి ఒక్కటే. కొడిమ్యాల నుంచి జగిత్యాల దాకా వచ్చి ఆగిపోయిన, మస్కట్ పోవాల్సిన ఇద్దరు మనుషుల్ని తీసుకురావడానికి పోతున్న జనార్దన్ జీపు. అద్దం మీద పెద్ద అక్షరాలతో "గల్ఫ్ పాసింజర్లు" అని కాగితం అంటించి ఉంది. ఆ కాగితం ఉన్న బండిని పోలీసులూ ఆపరు, అన్నలూ ఆపరు. ఇద్దరి ఇళ్లలోనూ గల్ఫుకు పోయినవాళ్లు ఉంటారు మరి.

"నేను గూడ అస్త," అంది లీల.

జనార్దన్ తల గోక్కున్నాడు. "తప్పకుంట రాండ్రి మేడం. ఒక్క ముచ్చట. మీదొక్క ఫొటో ఇయ్యుండ్రి, గోడకు పెట్టుకుంట. పైసలు వద్దు, ఏమద్దు. ఒక్క ఆడమనిషి ఫొటో గూడ లేదు నా తాన."

పర్సులో పాస్‌పోర్టుకు తీయించుకున్న ఫొటోలు రెండు మిగిలి ఉన్నాయి. లీల ఒకటి తీసి బల్ల మీద విసిరినట్టుగా పెట్టింది.

ఊరు దాటగానే పోలీసుల తనిఖీ. డ్రైవరు చెప్పబోయాడు. పోలీసు అతన్ని ఆపి లీలనే అడిగాడు. "పాసింజరా? ఏజెంటు ఎవలు?"

 ఎవలూ లేరంటే దింపుతారు. దింపితే రెండేళ్ల కథ ఇక్కడితో సరి.

"జనార్దన్," అంది.

"ఓ, జనార్దన్ సేటా. పోండ్రి."

అంతే. రెండేళ్లు ఎవరికీ నచ్చని జవాబు చెప్పి తిప్పలు పడింది, ఒక్క అబద్ధంతో గేటు లేచింది. ఇంకో అయిదు మైళ్లు పోయాక రోడ్డుకు అడ్డంగా రాళ్లు, నలుగురు కుర్రవాళ్లు. జీపు ఆగింది. కాగితం చూసి రాళ్లు జరుపుతుండగా ఒకడు దగ్గరికొచ్చాడు. రెండేళ్ల కింద ఆమె క్లాసులో ముందు బెంచీ.

"మేడం, మీరా?"

"నేనే. జగిత్యాల పోతున్న."

వాడు అద్దం మీది కాగితం చూశాడు, ఆమెను చూశాడు. "ఏజెంటు లేకుంటనే పోతనంటిరి గద మేడం. అందరు నవ్విండ్రు. మేము నమ్మినం."

లీల ఏదో చెప్పబోయింది. అప్పటికే జీపు కదిలింది. ఎస్.ఐ. మాటకు రాని ఏడుపు ఆమెకు ఇప్పుడొచ్చింది.

జగిత్యాలలో టెలిగ్రాం ఇచ్చింది. "ఒప్పుకుంటున్నాను. ఉత్తరం వెనక వస్తుంది." ముప్పైన పొద్దున అది చేరింది. ఆగస్టులో ఆమె వెళ్లిపోయింది. సిరిసిల్ల బస్టాండులో పరశురాములు, "నడుమ ఎవలో ఒకలు ఉన్నరంట గద, మంచిగైంది బిడ్డ," అన్నాడు.  లీల బస్సు ఎక్కింది.

అక్కడా అంతా సాఫీగా ఏం లేదు. అక్కడా అడవుల్లో దళాలు, అక్కడా రోడ్ల మీద తనిఖీలు, రెండో ఏడు ఆమె విద్యార్థుల్ని యుద్ధానికి పట్టుకుపోయారు. ఇంత దూరం వచ్చింది ఇందుకా అని నెత్తి కొట్టుకుంది. కానీ మొదటి ఏడు, ఒక బుధవారం మధ్యాహ్నం, ఇంటిగ్రేషన్ చివరి లెక్క చేసి చాక్‌పీసు కింద పెట్టింది. సిలబస్ అయిపోయింది. ఇంకా పన్నెండు రోజులు మిగిలాయి కూడా. ఏం చేయాలో తోచక పిల్లల్ని చూస్తూ అలాగే నిలబడింది.

అక్కడికే ఒక జాబు వచ్చింది. గంభీరావుపేట పిల్ల సమ్మవ్వ, వరంగల్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయిపోయిందట. జనార్దన్ సేటు గోడ మీద మీ ఫొటో చూపించి మేడంను నేనే పంపినంటున్నడు, నాకూ కద్దామ వీసా ఇస్తనంటున్నడు, మీరు నిజంగ ఆయనతోనే పోయిండ్రా అని అడిగింది.

 ఆ రాత్రి లీల పొడుగు నోటుబుక్కు తీసి నలభై ఒక్క చిరునామాలు కాపీ చేసింది. ఎవరు జవాబివ్వరు, ఎవరు నకళ్లు అడుగుతారు, దావీదు కొట్టిన చివరి వరుస ఎందుకు కొట్టేయాలి, అన్నీ పక్కన రాసింది. కవరు మీద గంభీరావుపేట అని రాయబోయి ఆగింది. లావుపాటి ఫారిన్ కవరు ఒంటరి ఆడపిల్ల చేతికి నేరుగా పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పళ్లు కొరుక్కుంటూ తన చేత్తో తానే రాసింది. "సమ్మవ్వ, కేరాఫ్ జనార్దన్ ట్రావెల్స్, కోరుట్ల." జనార్దన్‌కు వేరే కవరులో ఒక చీటీ. "గీ కాగితాలు ఆ పిల్లకు భద్రంగ ఇయ్యుండ్రి. లేకుంటె నన్ను మీరు పంపలేదని మీ గోడ మీది అందరికి జాబు రాస్త."

నాలుగు నెలలకు సమ్మవ్వ నుంచి జవాబు. కాగితాలు అందాయి. పన్నెండు చోట్లకు రాసిందట. పాస్‌పోర్టుకు వేస్తే ఠాణాకు పిలిచారట.

"ఏజెంటు ఎవలని అడిగిండ్రు మేడం. ఎవలూ లేరంటె పొద్దందాక కూసోవెట్టిండ్రు. ఇగ ఎట్లనో అని మీ పేరు చెప్పిన. ఇథియోపియాల ఉంటది, లీల మేడం, మా ఏజెంటు అన్న. ఎంటనే సంతకం పెట్టిండ్రు. నాతోని సదివిన ఇద్దరు బిడ్డలున్నరు, వాళ్లు గూడ మీ పేరే చెప్తమంటున్నరు. వాళ్లకు గూడ కాగితాలు పంపుతరా?"

లీల ఆ జాబు బల్ల మీద కొట్టి, ఒక్కముక్క అర్థమయ్యే మనిషి లేని ఆ గదిలో, అచ్చమైన సిరిసిల్ల మాటల్లో పావుగంట తిట్టింది. సాయిలును, రాజనర్సును, ఎస్.ఐ.ని, జనార్దన్‌ను, ఆఖరికి సమ్మవ్వను కూడా. తిట్టడం అయ్యాక మంచినీళ్లు తాగింది. నోటుబుక్కు తీసి ముందు పెట్టుకుంది. ఒకేసారి రెండు నకళ్లు రావాలి కనక, కార్బన్ కాగితం ఎక్కడ దొరుకుతుందో అడగడానికి చెప్పులేసుకుని బజారుకు పోయింది.